పాత హెచ్‌పీ బెంచ్ మీటర్ కొన్నాను: నా అనుభవం

నేను డిప్లొమా చదివేటప్పుడు మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో గాజు తలుపుల బీరువా ఒకటి ఉండేది. దాని పై అరలో ప్లాస్టిక్ కవరు కప్పిన మీటర్ ఉండేది. హెచ్‌పీ 3478ఏ, వోల్టేజ్, కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే డిజిటల్ మల్టీమీటర్. తాళం చెవి సార్ దగ్గరే. మాకు టేబుళ్ల మీద ముల్లు మీటర్లు, మహా అయితే మూడున్నర అంకెల, అంటే 1999 దాకా మాత్రమే చూపే డిజిటల్ మీటర్లు. ఆ బీరువా మా బ్యాచ్ కోసం తెరిచింది ఒకే ఒక్కసారి. సార్ ఆ మీటర్‌కి పెన్సిల్ సెల్ తగిలించి మమ్మల్ని చుట్టూ నిలబెట్టారు. 1.58214 అని చూపించింది. తర్వాత సెల్‌ని గుప్పిట్లో పట్టుకున్నారు. చివరి రెండు అంకెలు మెల్లగా కదలడం మొదలైంది. "చేతి వేడికి సెల్ వోల్టేజ్ మారుతోంది. అది కూడా దీనికి తెలుస్తోంది చూడండి" అన్నారు. ఆ రోజు నుంచి ఆ మీటరంటే నాకున్నది ఇష్టం కాదు, భక్తి.

ఇరవై ఏళ్లు దాటాక, మొన్న వేసవిలో ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు పాత ఇన్‌స్ట్రుమెంట్లు అమ్మే షాపులో 3478ఏ ఒకటి చూశానని, మూతబడిన ఏదో ఫ్యాక్టరీ వేలంలో లాట్‌గా వచ్చిందని చెప్పాడు. నేను ఇంట్లోనే పవర్ సప్లైలు, ఆడియో ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తుంటాను. మిల్లీ ఓమ్‌లు, మైక్రోవోల్టులు నమ్మకంగా కొలవగలిగే మీటర్ అవసరం ఎప్పటి నుంచో ఉంది. కొత్తది కొనే స్తోమత లేదు. మర్నాడే బయల్దేరాను.

వెళ్లే ముందు రాత్రి ఒక సంచి సర్దుకున్నాను. పాత మీటర్ కొనడానికి డబ్బుతో పాటు ఈ సంచి కూడా ఉండాలని ఇప్పటికీ అంటాను. నా చేతి మీటర్, ఒక పవర్ కార్డు, టార్చి, చిన్న స్క్రూడ్రైవర్, చేతి వేలంత పొడవున్న మందపాటి రాగి తీగ, 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 0.1 శాతం టాలరెన్స్ ఉన్న 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి. వీటన్నిటికంటే ముఖ్యం ఏడీ584 చిప్ ఉన్న చిన్న వోల్టేజ్ రెఫరెన్స్ బోర్డు. ఆ చిప్ 10, 7.5, 5, 2.5 వోల్టులు స్థిరంగా ఇస్తుంది. అచ్చంగా పదే ఇస్తుందని కాదు, ఎంత ఇస్తే అంత దగ్గరే నిలబడుతుంది. ఇంకో ల్యాబ్‌లో పనిచేసే నా స్నేహితుడు దాన్ని క్యాలిబ్రేషన్ (ప్రామాణిక విలువలతో పోల్చి సరిచేయడం) గడువు దాటని ఆరున్నర అంకెల మీటర్ మీద కొలిచి చీటీ రాసిచ్చాడు: 10.0024, 2.50081. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ విలువ కూడా అదే చీటీ మీద ఉంది: 9.9986. చీటీ లేకపోతే ఆ బోర్డుకి విలువే లేదు.

షాపులో మీటర్ ఒక ఆసిలోస్కోపు కింద, ఇంకో రెండు పవర్ సప్లైల మీద ఉంది. యజమాని పెద్దాయన. "స్విచ్ ఏస్తే ఎలుగుతది సార్. లోపల సంగతి నాకు తెల్వదు. తీస్కపోయినంక మళ్ల తెస్తే మాత్రం తీస్కోను" అని ముందే చెప్పేశారు. ఆ మాట నాకు నచ్చింది. "ఒక రెండు గంటలు ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చా అన్నా?" అని అడిగాను. "కూసోండి సార్, ఎవరొద్దన్నరు. చాయ్ చెప్పాల్నా?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రెండు గంటల చోటు ఇవ్వని షాపులో పాత మీటర్ కొనకూడదు.

కరెంటు ఇవ్వకముందు వెనక్కి తిప్పి చూశాను. సీరియల్ నంబరు 2619ఏ తో మొదలైంది. హెచ్‌పీ పాత సీరియల్ నంబర్లను చదవడం ఒక సరదా. మొదటి రెండు అంకెలకు 1960 కలిపితే సంవత్సరం, తర్వాతి రెండు అంకెలు వారం. అంటే 1986లో 19వ వారం. సరిగ్గా ఆ వారంలో తయారైందని కాదు, ఆ డిజైన్‌లో చివరి మార్పు జరిగింది అప్పుడని. పక్కనున్న ఏ అక్షరం అమెరికాకి గుర్తు. ఈ మోడల్ కొలరాడో రాష్ట్రంలోని లవ్‌లాండ్‌లో హెచ్‌పీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఆ కొలత పరికరాల విభాగమే 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో కీసైట్ అయింది. నా ముందున్న పెట్టె మీద మాత్రం ఆ పాత నీలి గుర్తే ఉంది.

అమెరికా నుంచి వచ్చిన పెట్టె కాబట్టి వోల్టేజ్ సెలెక్షన్ చూడకుండా ప్లగ్ పెట్టకూడదు. 120 దగ్గర ఉన్నదానికి మన 230 వోల్టులు ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టార్చి వేసి చూశాను. 240 దగ్గరే ఉంది. ఎవరో మార్చి వాడారన్న మాట, అంటే ఇది ఇక్కడ పనిచేసిన మీటరే.

ముందు వైపు కరెంటు కొలిచే టెర్మినల్‌లోనే 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. నొక్కి తిప్పితే బయటికి వస్తుంది. తీసి చూసేసరికి మనసు చివుక్కుమంది. కాలిపోయిన ఫ్యూజు చుట్టూ వైరులోంచి తీసిన సన్నటి రాగి పోగులు నాలుగైదు చుట్టి, పైన సోల్డర్ కూడా పెట్టారు. ఫ్యూజు కరిగి ఆగిపోవాల్సిన చోట ఈ రాగి పోగులు ఆగవు. ఆ దెబ్బంతా లోపల కరెంటు కొలవడానికి ఉన్న షంట్ రెసిస్టర్ తినాలి. ఇంత మంచి పరికరానికి ఎవరు చేశారో గానీ ఆ పని చేయకుండా ఉండాల్సింది. పెద్దాయనకి చూపిస్తే ఆయన కూడా "అరెరే" అని, సొరుగంతా వెతికి సరైన ఫ్యూజు ఒకటి తీసిచ్చారు.

స్విచ్ వేశాను. డిస్‌ప్లేలో అన్ని గీతలూ ఒక్కసారి వెలిగాయి. ఈ క్షణం రెప్ప వేయకుండా చూడాలి, ఏ గీత రాకపోయినా అప్పుడే తెలుస్తుంది. అన్నీ వచ్చాయి. తర్వాత సెల్ఫ్ టెస్ట్ ఓకే అంది. నా గుండె దడ కాస్త తగ్గింది. ఎందుకంటే ఈ మోడల్‌లో అసలు భయం వేరే ఉంది. దీని క్యాలిబ్రేషన్ అంకెలన్నీ చిన్న ర్యామ్ చిప్‌లో ఉంటాయి. మీటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ చిప్‌ని బతికించేది బోర్డుకి సోల్డర్ చేసిన ఒక 3 వోల్టుల లిథియం సెల్. ఆ సెల్ చచ్చిపోతే అంకెలన్నీ పోతాయి, ఆన్ చేయగానే అన్‌క్యాలిబ్రేటెడ్ అని వస్తుంది. మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలంటే అయ్యే ఖర్చు మీటర్ ధరని మించిపోవచ్చు. ఆ మాట రాలేదంటే దాదాపు నలభై ఏళ్ల నాటి ఈ పెట్టెకి తన లెక్కలు ఇంకా గుర్తున్నాయన్న మాట.

ఇలాంటి మీటర్‌ని ఆన్ చేసిన వెంటనే కొలిచి తీర్పు చెప్పడం అన్యాయం. లోపలి రెఫరెన్స్, రెసిస్టర్లు వేడెక్కి స్థిరపడడానికి గంట పడుతుంది. ఆ గంటలో వచ్చిన చాయ్ తాగుతూ రాగి తీగతో హై, లో టెర్మినళ్లు షార్ట్ చేసి, 30 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి కూర్చున్నాను. ఆ రేంజిలో చివరి అంకె విలువ 100 నానోవోల్టులు. తీగ బిగించిన వెంటనే 0.0031 చూపింది. అది నా వేళ్ల వేడి. రాగి తీగ, టెర్మినల్ వేరువేరు లోహాలైతే, అవి కలిసే రెండు చోట్ల మధ్య వేడి తేడా ఉంటే చిన్న వోల్టేజ్ పుడుతుంది. చెయ్యి తీసేసి ఊరుకుంటే నిమిషాల్లో తగ్గిపోవాలి.

తగ్గింది గానీ నిలవలేదు. 0.0004, 0.0019, మైనస్ 0.0011, ఇలా గెంతుతూనే ఉంది. ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. ఇన్‌పుట్ భాగం దెబ్బతిందా? ఫ్యూజు చూశాక ఏ అనుమానమైనా వస్తుంది. పది నిమిషాలు అలాగే చూశాను. గెంతడంలో ఒక లయ ఉన్నట్టు అనిపించింది. పైకి వెళ్లి, కిందికి వచ్చి, మళ్లీ పైకి. పాడైన చిప్‌లో ఆ లయ ఉండదు.

అప్పుడు తట్టింది. మీటర్ వెనకాల చిన్న స్విచ్చుల వరస ఉంటుంది. అందులో చాలావరకు కంప్యూటర్‌తో కలిపే అడ్రస్ కోసం. ఒకటి మాత్రం 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ ఎంపిక. ఈ తరహా మీటర్ మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) వల్ల కలిసే అలజడిని కొలతలోకి రానివ్వకుండా ఉండడానికి ఒక ఉపాయం వాడుతుంది. కొలిచే సమయాన్ని సరిగ్గా మెయిన్స్ ఒకసారి పైకి వెళ్లి కిందికి వచ్చే ఒక ఆవృత్తికి, లేదా దాని గుణిజాలకి సమానంగా పెట్టుకుంటుంది. అప్పుడు పైకి వెళ్లిన సగం, కిందికి వెళ్లిన సగం కలిసి సున్నా అయిపోతాయి. అమెరికాలో ఒక ఆవృత్తికి పట్టేది 16.67 మిల్లీసెకన్లు, మన దగ్గర 20. అక్కడి లెక్కతో ఇక్కడ కొలిస్తే ప్రతిసారీ కొంత ముక్క మిగిలిపోతుంది. ఆ మిగిలిన ముక్కే నాకు గెంతుతూ కనిపిస్తోంది. వోల్టేజ్ మార్చినవాళ్లు ఈ చిన్న స్విచ్చు సంగతి మరిచిపోయారు. ఇన్నేళ్లూ ఈ మీటర్ మన కరెంటు మీద అమెరికా లెక్కతోనే కొలిచిందేమో.

ఆఫ్ చేసి, స్క్రూడ్రైవర్ కొసతో ఆ స్విచ్చుని 50కి జరిపి, మళ్లీ ఆన్ చేశాను. 0.0005. 0.0004. 0.0004. 0.0005. అలా నిలబడిపోయింది. నేను పైకే "అబ్బ!" అన్నాను. పెద్దాయన ఏమైందని అడిగితే చూపించాను. ఆయనకి ఆ స్విచ్చు సంగతి కొత్త. కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "ఇంకో మూడు మీటర్లున్నయి లోపల, అవి గూడ చూడాలె" అన్నారు.

గంట దాటాక రెఫరెన్స్ బోర్డు తీశాను. రెండు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, 10 వోల్టుల పాయింటు దగ్గర తగిలించాను. 10.0021. చీటీ మీద 10.0024. ఆ బోర్డు కూడా వేడికి కొద్దిగా మారుతుంది, ఆ షాపు రేకుల కప్పు కింద ఎండకి ఎలా ఉందో ఊహించుకోండి. ఒకటి రెండు మిల్లీవోల్టుల తేడా ఉన్నా కొందామనే వచ్చాను. మూడు పదివేల వంతుల తేడా ఉంది. వైర్లు తిప్పి పెట్టాను. మైనస్ 10.0021. ఇలా తిప్పి చూడడం ఎవరూ మర్చిపోకూడదు. రెండు వైపులా ఒకే అంకె వస్తే సున్నా సరిగ్గా ఉన్నట్టు. 2.5 పాయింటు దగ్గర 2.50074. ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో తెలియదు, పై మూత మీదున్న స్టిక్కర్ మీద తేదీ చెరిగిపోయింది. కానీ ఆ పని చేసిన మనిషి చాలా శ్రద్ధగా చేశాడు.

తర్వాతి పరీక్ష నాకు చాలా ఇష్టమైనది. 30 మిల్లీవోల్టుల నుంచి 3 వోల్టుల దాకా ఉన్న రేంజిలలో ఈ మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 గిగాఓమ్‌ల పైనే. అంటే కొలిచే సర్క్యూట్ నుంచి దాదాపు ఏమీ లాగదు. ఎవరైనా గతంలో ఎక్కువ వోల్టేజ్ తగిలించి ఇన్‌పుట్‌ని దెబ్బతీసి ఉంటే అక్కడ లీకేజీ మొదలవుతుంది. పైకి అన్ని కొలతలూ బాగానే ఉన్నట్టుంటాయి, ఈ లీకేజీ మాత్రం దాక్కుని ఉంటుంది. టెర్మినళ్ల మధ్య 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే పెడితే బయటపడుతుంది. ఆ లీకేజీ రెసిస్టర్ గుండా పోయి వోల్టేజ్‌గా కనిపిస్తుంది. నాకు 0.12 మిల్లీవోల్టులు వచ్చింది. లెక్క వేస్తే 12 పికో ఆంపియర్లు. ఇన్‌పుట్ ఆరోగ్యంగా ఉంది. ఫ్యూజు దగ్గర పడ్డ బెంగ అక్కడితో సగం తీరింది.

మిగతావి గబగబా అయిపోయాయి. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ 9.9987 చూపింది. గోడ ప్లగ్‌లో 234 వోల్టులు, నా చేతి మీటర్ కూడా అంతే చెప్పింది. కొత్త ఫ్యూజు పెట్టి, బ్యాటరీకి 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, రెండు మీటర్లనూ సిరీస్‌లో పెట్టి కరెంటు చూశాను. రెండూ కలిశాయి, షంట్ బతికే ఉంది. ముందు, వెనక టెర్మినళ్లు మార్చే స్విచ్చు ఒక్కటే మొరాయించింది. వెనక వైపు పెడితే అంకెలు ఎగిరిపడుతున్నాయి. ఏళ్ల తరబడి కదపకపోతే కాంటాక్టుల మీద పొర పడుతుంది. ఓ ముప్పై సార్లు అటూ ఇటూ నొక్కాక కుదురుకుంది.

ఆయన 9,000 చెప్పారు. ఫ్యూజు, ఆ స్విచ్చు, లోపలి సెల్ సంగతి దాచకుండా చెప్పి, బాగున్నవి కూడా చెప్పాను. "నువ్వు రెండు గంటలు కూసున్నవ్, మంచి చెడ్డ రెండూ చెప్పినవ్" అని 6,500కి ఇచ్చేశారు. అప్పటికి సార్ పోయి నువ్వు అయ్యాను. నాకు అదే బాగుంది.

ఇంటికి తెచ్చాక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు, ఎందుకంటే ఆ సెల్ ఏ రోజైనా పోవచ్చు. ముందు అంకెలు భద్రం చేసుకోవాలి. మీటర్ వెనక 24 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. దానికి ఆర్డుయినో అనే, మనమే ప్రోగ్రామ్ వేసుకోగలిగే చిన్న బోర్డు కలిపి, ఔత్సాహికులు ఉచితంగా పంచిన ఏఆర్488 అనే ప్రోగ్రామ్ అందులో వేస్తే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. క్యాలిబ్రేషన్ మెమరీలో మొత్తం 256 గడులు. ఒక్కో గడిని అడిగితే ఒక్కో అక్షరం జవాబొస్తుంది. తెర మీద వరసగా ఈమెయిల్‌లో వాడే యాట్ గుర్తులు, ఏ నుంచి ఓ వరకు ఇంగ్లిష్ అక్షరాలు పడుతూ వచ్చాయి. చూడటానికి అర్థంపర్థం లేని అక్షరాల కుప్ప. కానీ ఈ మీటర్ చెప్పే ప్రతి అంకె వెనకా ఉన్నది అదే. రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లూ పోల్చి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

మూత తీసే ముందు ప్లగ్ పీకి చాలాసేపు వదిలేశాను. లోపల దుమ్ము తప్ప తుప్పు లేదు, కెపాసిటర్ల కింద తడి మరకలు లేవు. ఆ కాలపు పరికరాల్లో మెయిన్స్ వైపు వాడిన పేపర్ కెపాసిటర్లకి ఏళ్లు గడిచేకొద్దీ పై కేసు పగిలి, తేమ లోపలికి పోయి, ఏదో ఒక రోజు పొగతో పేలడం మామూలే. అందుకే మెయిన్స్ వైపువాటిని అదే భద్రతా రేటింగ్ ఉన్న కొత్త ఫిల్మ్ కెపాసిటర్లతో మార్చేశాను. వాటి చోట మామూలు కెపాసిటర్లు ఎప్పుడూ పెట్టకూడదు.

సెల్ వోల్టేజ్ చేతి మీటర్‌తో చూస్తే 2.86. ఇంకొన్నేళ్లు వచ్చేదేమో కూడా. కానీ దాని వయసు తలుచుకుంటే నమ్మబుద్ధి కాలేదు. మార్చేటప్పుడు మెమరీకి ఒక్క క్షణం కూడా కరెంటు ఆగకూడదు. రెండు పెన్సిల్ సెళ్లు సిరీస్‌లో పెట్టి, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ గుండా, సెల్ కాళ్లకి సన్న వైర్లతో సోల్డర్ చేశాను. డయోడ్ దగ్గర కొంత పోయినా ఆ చిప్‌కి 2 వోల్టులు ఉంటే చాలు, మరిచిపోదు. సోల్డరింగ్ ఐరన్‌ని బాగా వేడి చేసి, ప్లగ్ పీకేసి, చల్లారేలోపు ఒక్కో కాలు ఊడదీశాను. ఐరన్ నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీని కూడా అక్కడికి రానివ్వదలుచుకోలేదు. పాత సెల్ చేతిలోకి వచ్చినప్పుడు ఆ మెమరీ మొత్తం నా రెండు పెన్సిల్ సెళ్ల మీద ఆధారపడి ఉంది. ఫైలు దగ్గరున్నా చెయ్యి వణికింది. మా ఆవిడ టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది, పని పూర్తయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త సెల్‌ని నేరుగా సోల్డర్ చేయకుండా హోల్డర్ పెట్టి అందులో వేశాను, ఇంకోసారి మార్చేటప్పుడు ఐరన్ పని లేకుండా.

మూత పెట్టి స్విచ్ వేశాను. అన్ని గీతలూ వెలిగాయి. సెల్ఫ్ టెస్ట్ ఓకే. గంట ఆగి రెఫరెన్స్ బోర్డు పెడితే 10.0022. రాత్రి పదకొండయింది. అయినా ఆగలేక 22 గేజ్ రాగి తీగ మీటరు పొడవు కొలిచి కోసి, నాలుగు వైర్ల పద్ధతిలో తగిలించాను. రెండు వైర్లు కరెంటు పంపుతాయి, ఇంకో రెండు తీగ మీద పడే వోల్టేజ్ మాత్రమే చూస్తాయి, అందుకని మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. పుస్తకం లెక్క ప్రకారం ఆ తీగకి మన వేసవి వేడిలో 45 మిల్లీ ఓమ్‌లు రావాలి. 0.0452 ఓమ్‌లు చూపింది. తర్వాత తీగని మధ్యలో రెండు వేళ్లతో పట్టుకున్నాను. చివరి అంకె 2 నుంచి 3కి, కాసేపటికి 4కి మారింది. మా ఆవిడని పిలిచి చూపించాను.

ఆ 256 అక్షరాల్నీ కాగితం మీద ప్రింటు తీశాను. కింద కొత్త సెల్ వేసిన తేదీ, మెయిన్స్ స్విచ్చు 50 హెర్ట్జ్‌కి మార్చిన సంగతి, ఫ్యూజు విలువ రాశాను. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, పై మూత లోపలి వైపు టేపుతో అతికించాను. నా తర్వాత ఈ మూత తీసేవాళ్లకి అదే ముందు కనిపిస్తుంది.